ఎరుపు సహజమని రాసుకున్నాను

1998 జూన్ 21, ఆదివారం. ఉదయం 8 గంటల 40 నిమిషాలు. కొవ్వూరులో మా ఇంటి గుమ్మం నుంచి రాజమండ్రిలో పిల్లల ఆసుపత్రి మెట్ల వరకు, నా స్కూటరు మీటరు ప్రకారం, 8.4 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో ఇరవై రెండు నిమిషాల ప్రయాణం. ఆ రోజు వంతెన మీద ఒక లారీ ఆగిపోవడంతో నలభై ఒక్క నిమిషాలు పట్టింది. మా అమ్మాయి కరుణకు అప్పుడు ఏడేళ్ళు. ఎప్పుడూ స్కూటరు ముందు నిలబడి గాలికి నోరు తెరిచే పిల్ల, ఆ రోజు నిలబడే ఓపిక లేక నాకూ నా భార్య శాంతకూ మధ్య కూర్చుని, నా వీపుకు తల ఆనించి నిద్రపోయింది. బరువు 18.6 కిలోలు. నలభై రెండు రోజుల కిందట 20.1.

ఈ అంకెలు నాకు గుర్తున్నవి కావు, రాసిపెట్టుకున్నవి. నేను నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరును. ఏ లాకు దగ్గర కాలువలో ఎన్ని అడుగుల నీరుందో ఉదయం, సాయంత్రం గేజి చూసి పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగంలో భాగం. ఆ అలవాటుతోనే మా పాప జబ్బును కూడా రాశాను. రోజూ రాశాను, ఒక్క గడీ ఖాళీ వదలకుండా రాశాను. రాసినదాన్ని చదవడం మాత్రం చేతకాలేదు. ఐదేళ్ళు గడిచాక ఇప్పుడు ఇది రాయడానికి కారణం అదే. పిల్లలకు నెలల తరబడి మందులు వేయవలసివచ్చిన తల్లిదండ్రులు ఎవరైనా చదివితే, నేను చేసిన పొరపాటు వాళ్ళు చేయకుండా ఉంటారని.

మే 11 నుంచి జూన్ 14 వరకు

వేసవి సెలవుల్లో కరుణ మెడకు కుడివైపున ఒక గడ్డ కనిపించింది. నొప్పి లేదు. రెండు వారాల మందులకు తగ్గలేదు. సూదితో తీసి పరీక్షకు పంపితే క్షయ అన్నారు. ఊపిరితిత్తుల్లో కాదు, గ్రంథిలో మాత్రమే, ఇంకొకరికి అంటేది కాదు అని కూడా చెప్పారు. అయినా ఆ పేరును మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మా అమ్మ "ఆ జబ్బు" అనేది. శాంత "గడ్డ" అనేది. పాపకు "మెడ మందు" అని చెప్పాం.

మందు మొదలుపెట్టిన డాక్టరుగారు పెద్దాయన, నిదానంగా మాట్లాడే మనిషి. మూడు మాటలు చెప్పారు.

"ఆరు నెలలండి. ఒక్క పూట కూడా మానకూడదు. మందు మానితే జబ్బు మానదు, గుర్తుపెట్టుకోండి. ఈ మాత్రలకి మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని కంగారుపడకండి. ఏమన్నా తేడాగా ఉంటే వెంటనే తీసుకొచ్చెయ్యండి."

మొదటి రెండు మాటలూ అక్కడే మందుల చీటీ వెనక రాసుకున్నాను. మూడోది రాయలేదు. "తేడా" అన్నదానికి కొలత లేదు. ఎంత తేడా, దేనికి తేడా అని అడిగి ఉండవలసింది. కొలత లేని మాటను వదిలేయడం నా వృత్తి నేర్పిన అలవాటు. వదిలేశాను.

ఇంటికి వచ్చి గ్రాఫు కాగితం మీద పట్టిక గీశాను. తేదీ, మాత్రలు, బరువు, జ్వరం, భోజనం, వాంతి, మూత్రం. పడకగది తలుపు వెనక అంటించాను. ఉదయం ఆరున్నరకు, పరగడుపున, మూడు మాత్రలు. అవి గొంతు దిగిన వెంటనే నీలం పెన్నుతో టిక్కు. మొదటి రోజు మూత్రం గడిలో "ఎరుపు – సహజం" అని రాశాను. మర్నాటి నుంచి పదం పూర్తిగా రాయకుండా "సహ." అని మాత్రమే రాసేవాణ్ణి.

జూన్ 3 నుంచి భోజనం గడిలో అంకెలు తగ్గాయి. ముప్పావు, సగం, పావు. జూన్ 9న మొదటి వాంతి. జూన్ 12 నుంచి రోజుకు రెండు. పాప బడికి వెళ్ళనని పేచీ పెట్టడం కూడా మానేసింది. గోడకు ఆనుకుని కూర్చునేది.

జూన్ 13న అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, ఆ మాత్రలు రెండ్రోజులు ఆపి చూడరా. అన్నం చూస్తేనే పిల్ల మొహం తిప్పేసుకుంటంది."

"మానకూడదమ్మా. డాక్టరుగారు గట్టిగా చెప్పారు."

"చెప్పినాయన మళ్ళీ పిల్లని చూశాడేంటి? నువ్వు చూపించావేంటి?"

"ఇరవై అయిదో తారీఖున రమ్మన్నారు."

"జబ్బుకి తారీఖులేంట్రా, కాలవకి నీళ్ళొదిలినట్టు!"

శాంత నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తలుపు వెనక పట్టిక చూపించి, ముప్పై నాలుగు రోజుల్లో ఒక్క టిక్కు కూడా తప్పలేదని అమ్మకు వివరించాను. అమ్మ ఐదో తరగతి చదివింది. కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని పైనుంచి కింది వరకు చూసింది. "బాగా రాశావు," అని కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టుకుంది.

జూన్ 15 నుంచి 20 వరకు

ఆ వారమే సార్వా పంటకు కాలువలకు నీరు వదిలారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం ఐదింటికే నేను కాలువ మొదట్లో ఉండే తలలాకు దగ్గర ఉండాలి. శాంత బడిలో టీచరు. ఏడింటికల్లా వంట ముగించి వెళ్ళాలి. అందుకని మాత్రలు వేసి టిక్కు పెట్టే పని అమ్మకు అప్పగించాను. సాయంత్రం వచ్చి చూస్తే టిక్కులు ఉండేవి, కొంచెం వంకరగా.

ఆ ఐదు రోజుల వాంతుల గడి ఇది: రెండు, రెండు, ఒకటి, ఒకటి, సున్నా. శుక్రవారం సాయంత్రం పాప మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిని, ఇంకో ముద్ద అడిగింది. పట్టిక చూపించి శాంతతో అన్నాను: "చూశావా, ఒంటికి మందు అలవాటు పడుతోంది."

శనివారం మాత్రలు నేనే వేశాను. వాంతులు రెండు.

జూన్ 21

ఆదివారం చర్చికి బయలుదేరుతున్నాం. ఈస్టరుకు కుట్టించిన తెల్ల గౌను శాంత పాపకు తొడిగి, మెడ దగ్గర గుండీ పెడుతూ ఆగిపోయింది.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. పాపని కిటికీ దగ్గరికి తీసుకురండి."

తెల్లటి లేసు పక్కన పాప మెడ పచ్చగా ఉంది. పసుపు రాసి కడిగినట్టు. చెవులు, అరచేతులు, కంటి రెప్ప దించి చూస్తే లోపల కూడా. ఆ పిల్లను రోజూ ఉదయం బల్బు వెలుతురులో ఎదురుగా కూర్చోబెట్టుకుని నోట్లో మాత్రలు వేసినవాణ్ణి నేను. నోరే చూశాను. స్నానాలగదిలోకి వెళ్ళి చూస్తే, మూత్రం ఎరుపు కాదు. మరిగిపోయిన టీ డికాక్షను రంగు. నేను సహజమని రాస్తున్న రంగు ఏ తేదీన మారిందో నాకు తెలియదు. ఆ గడిలో నలభై రెండు రోజులూ ఒకే మాట ఉంది.

"నిడదవోలు అవతల కామెర్లకి పసరు పోసేవాడున్నాడు," అని అమ్మ అనబోయింది.

"అత్తయ్యగారూ, ఇప్పుడా మాట ఎత్తకండి," అంది శాంత.

అమ్మ మమ్మల్ని ముందు పంపి, వెనక బస్సులో వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మకు నలభై ఏళ్ళుంటాయి. పాప కళ్ళు చూసి, పొట్ట కుడివైపు నొక్కి చూసి, మాత్రల అట్టలు అడిగి తీసుకున్నారు. ఒక్కొక్క అట్టా చదివి బల్ల సొరుగులో పెట్టేశారు.

"ఇవి ఇంక ఒక్కటి కూడా వెయ్యకండి. మందు పడక లివరు దెబ్బతింది."

"మానకూడదన్నారండి," అన్నాను. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట అదే.

ఆవిడ తల ఎత్తి నన్ను చూశారు. "ముందు లివరు మానాలి కదండీ. ఎన్ని రోజులు వేశారు?"

వచ్చేటప్పుడు తలుపు నుంచి ఊడదీసి జేబులో పెట్టుకున్న పట్టిక తీసి ఇచ్చాను. "ఈ రోజుతో నలభై రెండు. ఒక్కటీ తప్పలేదు."

"తప్పాయండి డాక్టరుగారూ."

అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన అమ్మ. లోపలికి వచ్చి, కళ్ళజోడు డబ్బా తెరిచి బల్ల మీద బోర్లించింది. కళ్ళజోడుతో పాటు పదిహేను మాత్రలు రాలాయి.

"సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను వెయ్యలేదండి. దొడ్లో పారేద్దామనుకున్నాను. కోళ్ళు తింటాయని దాచాను."

డాక్టరమ్మ నా పట్టికలో వాంతుల గడి మీద వేలు పెట్టి కిందికి జరిపారు. రెండు, రెండు, ఒకటి, ఒకటి, సున్నా, రెండు. వేలు అక్కడ ఆగింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అమ్మనే అడిగారు.

"చెప్పానండి. వాడు కాయితం చూపించాడు."

పాపను చేర్చుకున్నారు. బయట వరండాలో, నర్సూ శాంతా వింటుండగా, నేను అమ్మతో ఒక మాట అన్నాను. "ఇంట్లో దొంగని పెట్టుకుని, పోయి కాలవ నీళ్ళకి కాపలా కాశాను."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

నా కోపం అమ్మ మాత్రలు ఆపినందుకు కాదు. నలభై రెండు అని చెప్పాక అది ముప్పై ఏడు అయినందుకు. ఈ సంగతి నాకు తెలియడానికి చాలా వారాలు పట్టింది.

జూన్ 22 నుంచి జూలై 9 వరకు

మందు ఆపగానే తగ్గిపోతుందనుకున్నాం. తగ్గలేదు. పసుపు ఇంకా ముదిరింది. సూది గుచ్చిన చోట రక్తం ఆగడానికి ఎక్కువసేపు పట్టేది. డాక్టరమ్మ మాకొక పని అప్పగించారు.

"రోజూ సాయంత్రం నాలుగింటికి పాప చేత కాగితం మీద పేరు రాయించండి. లివరు చెయ్యాల్సిన పని చెయ్యకపోతే ఒంట్లో విషం పేరుకుని తలకెక్కుతుంది. మాట కంటే ముందు చేతిరాతలో తెలుస్తుంది. రాత చెడితే వైజాగ్ పంపించాలి."

రెండు వందల కిలోమీటర్లు. ఆ స్థితిలో ఉన్న పిల్లతో.

22, 23, 24 తేదీల్లో పాప "కరుణ" అని గుండ్రంగా రాసింది. 25న "క", "రు" బాగానే వచ్చాయి. "ణ" మెలిక తిరగలేదు. గీత పక్కకు జారి కాగితం అంచు దాకా పోయింది.

"నిద్రమత్తులో రాసిందండీ," అంది శాంత. తను రెండో తరగతి టీచరు. వందలమంది పిల్లల చేత "ణ" దిద్దించిన మనిషి.

"మూడున్నరకి లేచింది. రాసింది నాలుగింటికి."

"కాసేపు ఆ లెక్కలు ఆపుతారా!"

ఆ కాగితాన్ని డాక్టరమ్మ చాలాసేపు పట్టుకున్నారు. ఇంకో రోజు చూద్దామన్నారు. 26న గీత మళ్ళీ జారింది. మర్నాడు ఉదయం పంపడానికి వ్యాను మాట్లాడి ఉంచమన్నారు.

పక్క మంచం మీద టైఫాయిడ్ జ్వరంతో ఉన్న అమ్మాయికి తోడుగా మేనత్త వచ్చి ఉండేది. పేరు సత్యవతి, ఆత్రేయపురం మనిషి. ఇంట్లో పూతరేకులు తీస్తారట. పాప చేతి మీద అంటించిన ప్లాస్టరు లాగినప్పుడల్లా చర్మం కంది రక్తం ఊరేది. ఒక రోజు పాప అరుపు విని ఆవిడ లేచి వచ్చింది.

"మీరు తప్పుకోండి సిస్టరుగారూ. కాలే కుండ మీంచి చిరక్కుండా రేకు లాగే చేతులండీ ఇవి. ఏదీ, పాపా, ఇటు చూడు."

అంచు తడిపి, రెండు వేళ్ళతో, ఊదుకుంటూ, ప్లాస్టరు మొత్తం తీసేసింది. పాప ఏడవలేదు. ఆ రోజు నుంచి ఎవరు ప్లాస్టరు తీయబోయినా "ఆ ఆంటీ రావాలి" అనేది. ఆవిడ నన్ను కూడా వదల్లేదు. "మీ ఆయన రాసే రాతకి ఈ వార్డులో కాయితాలు చాలవమ్మా. కాస్త ఆ పిల్ల తలకాయ కూడా నిమరమనండి," అని శాంతతో అనేది, నాకు వినపడేట్టే.

అమ్మ రోజూ పదకొండు గంటల బస్సులో జావ పట్టుకుని వచ్చేది. నేను లోపల ఉంటే మెట్ల దగ్గరే కూర్చునేది. శాంత వెళ్ళి క్యారేజీ అందుకునేది. మంచం నుంచి మెట్ల వరకు ముప్పై ఒక్క అడుగులు. పందొమ్మిది రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఆ దూరం నడిచి వెళ్ళి పిలవలేదు.

27 ఉదయం వ్యాను వచ్చి బయట ఆగింది. డాక్టరమ్మ వచ్చి, నాలుగింటి దాకా ఆగకుండా అప్పుడే రాయించమన్నారు. శాంత కాగితం కింద అట్ట పట్టుకుంది. పాప "క" రాసింది. "రు" రాసింది. పెన్సిలు ఆపి, నాలుక బయటపెట్టి ఆలోచించి, "ణ" మెలిక సగం తిప్పింది. వంకరగా, చిన్నగా, కానీ తిరిగింది.

"వ్యాను సాయంత్రం దాకా ఉండమనండి," అన్నారు డాక్టరమ్మ. సాయంత్రం మెలిక పూర్తిగా వచ్చింది. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. శాంత ఆ రెండు కాగితాలూ బైబిల్లో పెట్టుకుని వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది.

జూలై 9న ఇంటికి పంపించారు. 12న అమ్మ తన బట్టల సంచీ సర్దుకుని నిడదవోలులో మా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. "కొన్నాళ్ళు అక్కడుంటాను," అని శాంతతో చెప్పింది.

ఆగస్టు 3 నుంచి 23 వరకు

మెడలో గడ్డ అలాగే ఉంది. లివరు కోలుకుంది కాబట్టి పాత మూడు మందుల్లో రెండింటిని ఒకదాని తర్వాత ఒకటిగా, మూడు రోజులకోసారి రక్తం చూస్తూ, మళ్ళీ మొదలుపెట్టాలన్నారు. మూడోది జన్మలో ఆ పిల్లకు ఇవ్వకూడదన్నారు. మానేస్తే జబ్బు, వేస్తే భయం. మాకు మూడో దారి లేదు.

ఆగస్టు 3 ఉదయం మాత్ర పట్టుకుని పాప ముందు కూర్చున్నాను. పెదవులు బిగించేసింది.

"ఇది పచ్చకళ్ళ మాత్ర."

"కాదమ్మా. ఇప్పుడేం కాదు. డాక్టరాంటీ చెప్పారుగా."

"అప్పుడూ నువ్వే ఇచ్చావు."

మాత్ర పక్కన పెట్టేశాను. 4న శాంత తేనెలో కలిపి పెడితే ఉమ్మేసింది. "నాన్నమ్మ ఇస్తే వేసుకుంటా," అంది.

5న ప్యాసింజరు రైల్లో నిడదవోలు వెళ్ళాను. అమ్మ పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. విషయం చెప్పాను.

"నేను దాచిన మాత్రే, ఇప్పుడు నా చేత్తో ఇమ్మంటావా?"

"నీ చేత్తో అయితేనే వేసుకుంటానంటోందమ్మా."

"మళ్ళీ కళ్ళు పచ్చబడితే?"

"ఆ రోజే ఆపేస్తాం. ఆ రోజే తీసుకెళ్తాం."

అమ్మ రెండు గింజలు తీసి పక్కన పడేసింది.

"ఆ రోజు నువ్వన్నదాంట్లో తప్పేం లేదులే. దొంగతనమే. కానీ ఎవరి సొమ్ము దొంగిలించాన్రా నేను?"

"తప్పు నాదమ్మా."

"సర్లే. వస్తాను. టిక్కులు మాత్రం నేను పెట్టను. నువ్వు ఎదురుగా కూచుని చూడు. కాయితాన్ని కాదు, పిల్లని."

6 ఉదయం ఆరున్నరకు అమ్మ పాపను కిటికీ వెలుతురులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముందు రెండు కళ్ళ రెప్పలూ దించి చూసి, తర్వాత మాత్ర వేసింది. పాప మింగింది. రోజంతా ముగ్గురం ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూనే ఉన్నాం. "నన్నలా చూడకండి," అని పాప విసుక్కునేది. 9న రక్తం బాగుంది. 12న బాగుంది. 13న రెండో మందు. 22న కూడా బాగున్నట్టు తెలిశాక, ఆ మర్నాడు అమ్మ సంచీ సర్దింది.

"ఉండిపోమ్మా," అన్నాను.

"పిల్ల బాగుంది కదరా. అక్కడ తమ్ముడి చిన్నోడికి అలవాటైపోయాను," అంది. అంతకుమించి నేనూ బతిమాలలేదు.

చదివేవారికి చెప్పదలచినది ఇంతే. పిల్లలకు ఇలాంటి మందు మొదలుపెట్టినప్పుడు డాక్టరుగారు "తేడాగా ఉంటే రండి" అంటే, ఆ తేడాలు ఏమిటో ఒక్కొక్కటే అడిగి రాసుకోండి. అన్నం సయించకపోవడం, వాంతులు, నీరసం, కళ్ళ రంగు. ఎరుపు సహజమంటే ఎంత ఎరుపో అడగండి. మీ అంతట మీరు మందు మానకండి, దాచకండి. కానీ తేడా కనిపించిన రోజే, ఇచ్చిన తారీఖు కోసం ఆగకుండా, పిల్లను తీసుకెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదో గమనించామంటే, వాళ్ళకు కాగితం చూపించకండి.

మొత్తం ఇది.

ఆసుపత్రిలో ఉన్నవి పందొమ్మిది రోజులు. రక్తం తీసినవి, ఆగస్టు నెలతో కలిపి, ముప్పై నాలుగు సార్లు. పాప బరువు అన్నిటికంటే తగ్గినప్పుడు 17.2 కిలోలు. తిరిగి 20.1కి రావడానికి ఏడు నెలలు పట్టింది. రెండో తరగతిలో ఒక సంవత్సరం పోయింది. శాంత జీతం లేని సెలవు అరవై ఒక్క రోజులు. మూడింటిలో ఒకటి తగ్గినందుకు మందు ఆరు కాక తొమ్మిది నెలలు వేశాం. 1999 మేలో గడ్డ లేదు, లివరు మామూలుగా ఉంది. కరుణకు ఇప్పుడు పన్నెండేళ్ళు. నా చేత్తో ఇచ్చిన మాత్ర ఏదైనా ఇప్పటికీ పేరు చదివాకే వేసుకుంటుంది.

అమ్మ 2001 మార్చిలో నిడదవోలులో పోయింది. ఆ ఆగస్టు తర్వాత బతికినది రెండు సంవత్సరాల ఏడు నెలలు. అందులో మా ఇంట్లో ఉన్నది నాలుగు రోజులు.